ఊటకి పంతొమ్మిది వందల పద్నాలుగు లైన్లు

ఒకటో రోజు. 1,914 లైన్లు.

పొద్దున్నే గట్టు నుంచి కబురు వచ్చింది. గట్టంటే, పడవల మీదే ఉన్న మా ఊరు తేలూరు మధ్యలో, సముద్రంలో పాతిన ఇనప దిమ్మ. తెప్ప కొత్త విడుదలని చూసే కోదండం గారు అక్కడే ఉంటారు. తెప్ప అంటే మా పడవలన్నిట్లో యంత్రాల్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేరు. దీపం వెలగాలన్నా చుక్కాని తిరగాలన్నా దాని ప్యాకేజీలే దిక్కు. ఉప్పునీటిని మంచినీళ్లు చేసే యంత్రాన్ని నడిపే ప్యాకేజీ పేరు ఊట. ఈ రోజు నుంచి ఊట నాది.

కబురు ఇలా ఉంది: "నూకాలు గారూ, ఊట బిల్డ్ స్క్రిప్టు కొత్త యంత్రాలకి మింగుడుపడటం లేదు. ఇరవై రోజుల్లో శుభ్రం చెయ్యండి. ఎప్పటిలాగే మూడు చోట్ల విడివిడిగా కడితే మూడూ ఒక్క అక్షరం తేడా లేకుండా రావాలి. రాకపోతే ఊటని తెప్పలోంచి తీసేస్తాను. నమస్కారం."

తీసేస్తే ఏమవుతుందో ఆయన రాయలేదు. రాయక్కర్లేదు కూడా. ఊటతో నీళ్లు తాగే పాత పడవలు ఎనభై ఆరు. ఊట పోతే వాటిని విప్పి ఇనుము కింద వేసేస్తారు, మనుషుల్ని గట్టు మీద హాళ్లలోకి ఎక్కిస్తారు. ఎనభై ఆరులో ఒకటి మాది. నేను పుట్టింది ఇందులోనే, మా ఆయన లచ్చన్న కాలుజారి సముద్రంలో పడి, ఎక్కి, నన్ను పెళ్లి చేసుకుంటానన్నదీ ఇందులోనే.

"హాల్లో మంచానికీ మంచానికీ మద్దెన గుడ్డ కడతారంట," అన్నాడు లచ్చన్న.

"నాను బతికుండగా ఈ పడవ ఒగ్గీను," అన్నాను.

తర్వాత స్క్రిప్టు తెరిచాను. బిల్డ్ స్క్రిప్టంటే వంట చెప్పే చీటీ లాంటిది: ఫలానా సరుకు తెచ్చుకో, ఫలానా చోట కలుపు, ఉడికాక ఇక్కడ దింపు. అలా ప్యాకేజీని తయారుచెయ్యడాన్నే మేం కట్టడం అంటాం. పది లైన్లలో చెప్పాల్సిన దాన్ని మావాళ్లు డెబ్బై ఏళ్లు కూచుని పంతొమ్మిది వందల పద్నాలుగు లైన్లు చేశారు. ఒకచోట ఒక ఫోల్డరు చేస్తుంది, ఆరు లైన్ల తర్వాత దాన్ని చెరిపేస్తుంది, మళ్లీ చేస్తుంది. మరోచోట "దీన్ని కదపకండి, ఎందుకో నాకూ తెలీదు" అని రాసి కింద పేరు కూడా పెట్టారు. నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెట్టాయి. నేను వలలు బాగుచేసే దాన్ని. ఇంత అందమైన చిక్కు నా జన్మలో చూడలేదు.

మూడో రోజు. 1,501 లైన్లు.

చెరపడం తేలికే, అడగడమే పని. మా ఊళ్లో ప్రతి లైను పక్కనా రాసినవాళ్ల పేరుంటుంది. దాన్ని తీసెయ్యాలంటే ఆ మనిషి పడవకి వెళ్లి, మొహం చూసి, "మీ లైను తియ్యనా" అని అడగాలి. మనిషి పోతే వాళ్ల వారసుల్ని అడగాలి. కబురు పంపితే చెల్లదు. పెట్టింది తినకుండా వచ్చేసినా చెల్లదు.

మొదట సింహాద్రి మావ. ఆయనవి 412 లైన్లు, అన్నీ ఒకే రకం యంత్రం కోసం. ఆ రకం యంత్రాల్లో ఆఖరిది ముప్ఫై ఏళ్ల కిందట మునిగిపోయింది.

"మునిగింది గానీ, ఎవులైనా తీత్తే?" అన్నాడు మావ.

"ఎవులు తీత్తారు మావా, దాన్లో ఎండ్రకాయలు కాపరం ఎట్టీసేయి."

ఆ మాటకి మావ సరేనని తలాడించాడు. ఇంకో లైను మిగిలింది. బిల్డు సగంలో ఉండగా యంత్రాన్ని ఊరికే నలభై సెకన్లు ఆపేసే లైను. దాని జోలికెళ్లడానికి ఊరంతా భయం. అది లేకపోతే యంత్రం పేలిపోతుందని కొందరు, ఉప్పు దిగదని కొందరు అంటారు. ఎందుకు పెట్టావని అడిగాను.

"సుట్ట ఎలిగించుకోడానికే. అప్పుడు నాకు ఊపిరాడనిచ్చేది కాదు గదా ఆ యంత్రం."

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఎనభై ఆరు పడవలూ ఊటని కట్టినప్పుడల్లా సింహాద్రి మావ చుట్ట వెలిగే దాకా ఆగి చూశాయన్నమాట! నేను పడవ అంచు పట్టుకుని కూలబడి నవ్వాను. మావ కూడా నవ్వాడు గానీ, తీసెయ్యమన్నాక ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. ఎండు నెత్తళ్ల కూర పెట్టాడు. రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

ఆరో రోజు. 702 లైన్లు.

మూడు రోజుల్లో పంతొమ్మిది పడవలు ఎక్కి దిగాను. ఒంట్లో పులుసు తప్ప రక్తం లేదు.

ఈ రోజు అప్పన్న, కాములు. బావా బావమరుదులు. యంత్రం వేగంగా తిరగాలని అప్పన్న ఒక లైను రాశాడు. వేగం వద్దు, నిదానమే మేలని కాములు దాని కింద ఇంకోటి రాశాడు. దాన్ని రద్దు చేస్తూ అప్పన్న మళ్లీ. ఇలా ఇరవై నాలుగు లైన్లు, ఎనిమిదేళ్లు. ఇద్దరూ మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. స్క్రిప్టులో మాత్రం ఏడాదికి మూడుసార్లు పలకరించుకుంటున్నారు.

"ముందు ఆడు తియ్యాల," అన్నాడు అప్పన్న.

"ఆడు తీత్తే నాను తీత్తాను," అన్నాడు పక్క పడవలోంచి కాములు.

రెండు పడవల్నీ దగ్గరికి లాగి, నా యంత్రాన్ని అంచు మీద పెట్టి, ఇద్దరి వేళ్లూ ఒకే మీట మీద పెట్టించాను. ఒకటీ రెండూ మూడూ అన్నాను. ఇరవై నాలుగు లైన్లు ఒక్కసారి పోయాయి. చివరికి కాములు, "అప్ప బావుందా?" అని అడిగాడు. అప్పన్న భార్య అతని సొంత అక్క.

ఈ ఉద్యోగం కోసం పుట్టానేమో అనిపించింది.

ఎనిమిదో రోజు. 118 లైన్లు.

పోలమ్మ మామ్మకి ఎనభై మూడేళ్లు. స్క్రిప్టులో ఆవిడవి రెండే లైన్లు. ఒకదాంట్లో పది అంకెల సంఖ్య, దాని పేరు కూడా పోలమ్మే. రెండోది ఆ సంఖ్యని ఎక్కడికో పంపుతుంది. పూర్వం నేల మీద ఫోన్ నంబర్లకి పది అంకెలుండేవట. అమ్మాయిగా ఉన్నప్పుడు ఎవరికోసమో తన నంబరు రాసి పెట్టుకుందని ఊహించుకుని, దారి పొడుగునా తెడ్డు వేస్తూ నాలో నేనే మురిసిపోయాను.

"ఎవులే? నూకాలా? రాయే, రా, కూకో!" మామ్మ నా చెయ్యి వదల్లేదు. ఆవిడ పడవ ఊరి కొసన ఉంది, అంతదూరం ఎవరూ రారు. చింతచిగురు వేసి ఎండు రొయ్యలు వండింది. వాళ్ల అమ్మ కథ చెప్పింది, పిల్లి కథ చెప్పింది, ఆ పిల్లి తల్లి కథ చెప్పింది.

"నీ రెండు లైన్లు తీసెయ్యనా మామ్మా?"

"తీసీయే తల్లీ, తీసీ. ఇంకాస్త ఏసుకుంతావా?"

వేసుకున్నాను. తీసేశాను.

పదో రోజు. 52 లైన్లు.

యాభై రెండు! లచ్చన్నా, యాభై రెండు!

మా యంత్రాలు ఎండతో నడుస్తాయి; పూర్వం ఊట కట్టడానికి ఎండ బాగున్న రోజున కూడా రెండు గంటలు పట్టేది. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు. స్క్రిప్టు మొత్తం ఒక్క తెరలో కనిపిస్తోంది. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను. ఆ ఊపులో ఇంటి మీద పడ్డాను. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, లచ్చన్న పెళ్లి చొక్కా, అన్నీ బయటికి తీశాను.

"మనుసుల్ని కూడా తీసేత్తావేటే? నాను ఏ లైన్లో ఉన్నానో సెప్పు, ఎల్లి దాక్కుంతాను," అన్నాడు లచ్చన్న. చొక్కా లాక్కుని, "ఇల్లలకగానే పండగ కాదు," అని కూడా అన్నాడు. నోటి వాక్యం మంచిది కాదు ఆ మనిషిది.

పన్నెండో రోజు. 52 లైన్లు.

మూడు చోట్ల కట్టాం. మా పడవ, సింహాద్రి మావ పడవ, గట్టు. మూడూ కలవలేదు. ప్రతి దాంట్లోనూ నాలుగైదు అక్షరాలు తేడా.

కోదండం గారు రాశారు: "కలవలేదు. ఎనిమిది రోజులున్నాయి. నమస్కారం."

ఆయన నమస్కారాన్ని నెత్తిన మొట్టబుద్ధయింది.

పద్నాలుగో రోజు. 52 లైన్లు.

విచిత్రం ఏమిటంటే, మా పడవలో ఒకే రోజు రెండుసార్లు కడితే రెండూ ఒకటే. మావ పడవలో రెండుసార్లు కట్టినా రెండూ ఒకటే. వాటిని ఒకదానితో ఒకటి పోలిస్తే మాత్రం పొసగవు. యాభై రెండు లైన్లనీ గుడ్డ పిండినట్టు పిండాను. యంత్రాలు మార్చాను, తీగలు మార్చాను, యంత్రం ముందు ఎండు చేప తిప్పి దిష్టి కూడా తీశాను.

మధ్యాహ్నం తేడా ఉన్న అక్షరాల్ని పక్కపక్కన రాసి చూస్తే, అవి తేదీలు. యంత్రం ప్యాకేజీ కట్టినప్పుడల్లా దాని లోపల ఆ రోజు తేదీ గుద్దుతోంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను. మా పడవల్లో దేని తేదీ దానిదే కదా.

మనిషి పోతే, ఊపిరి ఆగిన వేళకి పడవలో గడియారం ఆపుతాం. యంత్రంలోదీ ఆపుతాం. ఒక పగలూ ఒక రాత్రీ ఎవరం ఏ పనీ చెయ్యం. మర్నాడు అదే వేళకి మళ్లీ నడిపిస్తాం. పోయిన ఆ రోజుని తర్వాత ఎప్పుడూ కలుపుకోం. అది ఆ మనిషిది. మా పడవ గట్టు కన్నా ఐదు రోజులు వెనక ఉంది. తాత, నాయనమ్మ, నాన్న, అమ్మ, మా అక్క బంగారి. సింహాద్రి మావ పడవ తొమ్మిది రోజులు వెనక. ఇందులో పుట్టిన వాళ్లకి ఇదెంత మామూలంటే, వెతికిన రెండు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

పదిహేనో రోజు. 52 లైన్లు.

కోదండం గారికి విషయం చెప్పాను. ఆయన గట్టు మనిషి, గట్టు గడియారం ఎవరికోసమూ ఆగదు. వెంటనే జవాబిచ్చారు: "అయితే చాలా సులువు. ఎనభై ఆరు పడవలూ గడియారాలు గట్టు లెక్కకి మార్చుకోండి. కొత్త విడుదలలో ప్రతి పడవా నెలనెలా ఊటని తనే కట్టి సరిచూసుకోవాలి కాబట్టి, మార్చింది మార్చినట్టే ఉంచండి. ఒక్క ఆదేశం చాలు. నమస్కారం."

నిజమే, ఒక్క ఆదేశం చాలు. దాన్ని టైపు చేశాను. మీట మీద వేలు పెట్టాను. నొక్కితే పడవ ఉంటుంది. నొక్కకపోతే గుడ్డ కట్టిన హాలు.

బంగారక్క పోయిన రోజు గడియారం ఆపింది నేనే. పన్నెండేళ్ల దాన్ని, బల్ల ఎక్కితే గానీ అందలేదు. ఆ రోజంతా అక్క జడ నా ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. లోకంలో ఎవరి లెక్కలోనూ లేని రోజు అది, మాకు తప్ప. వేలు తీసేశాను. ఏడుపొచ్చింది, బాగా ఏడ్చాను.

"నొక్కనేదా?" అన్నాడు లచ్చన్న.

"నేదు."

"మంచిది. నొక్కుంటే నాను దూకీసుందును. ఈసారి ఎక్కకుండా."

ఏడుస్తూనే నవ్వాను. ఆ తర్వాతే తట్టింది. పాత స్క్రిప్టుకీ మా గడియారాలు ఇలాగే ఉండేవి. మరి ఇన్నేళ్లూ అది ఎలా కలిసింది?

పదహారో రోజు.

తీసేసిన 1,862 లైన్లనీ మళ్లీ ముందేసుకున్నాను. తేదీ ఊసెత్తింది ఒక్కటే, పోలమ్మ మామ్మ పది అంకెల్ని ప్యాకేజీలో తేదీ గుద్దే చోటికి పంపే లైను. అది ఫోన్ నంబరు కాదు. కాలాన్ని సెకన్లలో లెక్కపెట్టి రాసిన తేదీ.

తెడ్డు ఎంత గట్టిగా వేశానంటే అరచేతులు బొబ్బలెక్కాయి.

"మామ్మా! ఆ లైను తియ్యొద్దని ఎందుకు సెప్పనేదు?"

పోలమ్మ మామ్మ రొయ్యలు వలుస్తోంది. తల కూడా ఎత్తలేదు. "నువ్వు తియ్యనా అన్నావు. ఎందుకు రాసేవు అన్నేదు గదా?"

"కాదనొచ్చు గదా!"

"కాదంతే కోపమొచ్చి ఎలిపోతావు. మల్లీ ఎవులొత్తారే ఇంత దూరం?" అని ఇంకో రొయ్య అందుకుంది. "ఇదిగో, మల్లీ వొచ్చేవు గదా."

పక్కన కూచుని నేనూ రొయ్యలు వలిచాను. కాసేపటికి ఆవిడే చెప్పింది.

"మన పడవలన్నీ ఒకే రోజు నీల్లలోకి దిగినాయి. ఆ రోజుకి ఏ పడవలోనూ ఎవులూ సచ్చిపోనేదు. ఆ ఒక్క రోజే మనందరి గడియారాలకీ ఒకటి. తర్వాత ఎవుల దుక్కం ఆలది. కట్టినప్పుడల్లా ఆ రోజే గుద్దమన్నాను యంత్రానికి. నీల్లకి దుక్కాలతో ఏటి పని?"

నలభై మూడేళ్ల కిందట ఆవిడ ఈ మాటంతా రెండు లైన్లలో పెట్టేసింది. నేను చింతచిగురు రొయ్యలు తింటూ పీకి పారేశాను. తీసిన లైను తిరిగి పెట్టడానికి మా ఊళ్లో పద్ధతంటూ లేదు, ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు. ఏం చెయ్యమంటావని అడిగాను.

"ఎట్టీ. కానీ ఈసారి ఎందుకో కూడా పక్కన రాయి. అప్పుడు నాకు బద్దకమేసింది."

పదిహేడో రోజు. 55 లైన్లు.

రెండు లైన్లు పోలమ్మవి. ఒకటి నేను రాసిన కారణం: "మనందరికీ ఒకటైన రోజు ఇది. తియ్యకండి. ఎందుకో ఇప్పుడు తెలుసు."

మా పడవలో కట్టాను. తొమ్మిది నిమిషాలు. సింహాద్రి మావ తన పడవలో కట్టాడు. ఆయన పెద్ద గొంతుతో అక్షరాలు చదువుతుంటే నేను ఇక్కడ సరిచూశాను, మధ్యలో ఆయన ఆగినప్పుడల్లా గుండె ఆగింది. దగ్గడానికి ఆగాడట. కలిసింది! రెండూ కలిశాయి! ఇక గట్టు మిగిలింది. పదకొండు నిమిషాలు జవాబు లేదు. లచ్చన్న నా చెయ్యి పట్టుకున్నాడు, నేను అతని గోరు కొరికాను. నాదనుకుని.

"కలిసింది," అని వచ్చింది. నమస్కారం మర్చిపోయారు.

నేను అరిచిన అరుపుకి పక్క పడవ వాళ్లు మనిషి పడిపోయిందనుకుని తాళ్లు విసిరారు.

ఇరవయ్యో రోజు. 55 లైన్లు.

విడుదలైంది. ఎనభై ఆరు పడవలూ పొద్దుటి ఎండలో ఒక్కసారి ఊటని కట్టుకున్నాయి, ఎనభై ఆరూ కలిశాయి. జనం గిన్నెలు మోగించారు. అప్పన్న, కాములు ఒకే గిన్నెని చెరో పక్కనా మోగించారు. పోలమ్మ మామ్మ పడవని కొసనుంచి లాగి మా పక్కన కట్టాం. పిల్లి కథ ఈసారి అందరం విన్నాం.

ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మా పడవ మాకుంది. ఈ వాక్యం రాసి మూడుసార్లు చదువుకున్నాను.

ఇరవై రెండో రోజు.

కోదండం గారు పడవెక్కి మా దగ్గరికి వచ్చారు. ఆయన గట్టు దిగడం ఇదివరకెవరూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఏమీ లేదు. కూచోమంటే కూచోలేదు.

"నూకాలు గారూ, ఒక సందేహం. ఇప్పుడు గట్టు గడియారం ఎంత ఉన్నా ఊట కలుస్తుంది కదా?"

"కలుత్తాదండి."

"అన్ని ప్యాకేజీలకీ ఆ లైను పెట్టాను నిన్న. అన్నీ కలిశాయి." తల తిప్పి గట్టు వైపు చూశారు. "మా ఆవిడ సుభద్ర పోయి మూడేళ్లయింది. ఆ రోజు విడుదల రోజు. గట్టు గడియారం ఆగితే అన్నీ తప్పుతాయని నేను పనిలోనే ఉన్నాను. మీ లెక్కలో... ఇంత ఆలస్యంగా ఆపితే చెల్లుతుందా?"

ఇదీ మా పద్ధతుల్లో లేదు. లచ్చన్న నా మొహం చూశాడు.

"సెల్లుతాదండి," అన్నాను.

"ఆ రోజు ఏం చెయ్యాలి?"

"ఏటీ సెయ్యకూడదండి. ఊరికే కూకోవాల. అన్నం మేం అట్టుకొత్తాం."

ఇరవై నాలుగో రోజు. 55 లైన్లు.

నిన్న ఉదయం తొమ్మిదింటికి గట్టు గడియారం ఆగింది. ఆవిడ పోయిన వేళట. మేం అన్నం, చేపల పులుసు పట్టుకెళ్లాం. కోదండం గారు తెరలన్నీ ఆపేసి కిటికీ దగ్గర కూచున్నారు. మధ్యాహ్నం ఆయన, చుక్కాని తిప్పేటప్పుడు సుభద్ర గారు ఎడమా కుడీ ఎప్పుడూ తప్పు చెప్పేవారని చెప్పి నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చారు.

ఈ రోజు తొమ్మిదింటికి ఆయనే గడియారాన్ని మళ్లీ నడిపించారు. నేను మా పడవలో ఊట కట్టాను, ఆయన గట్టు మీద కట్టారు. కలిసింది. గట్టుకీ మా పడవకీ తేడా ఇప్పుడు నాలుగు రోజులే.